మంచం ఎత్తున యుద్ధం

ఫిబ్రవరి 28, శుక్రవారం

దీవెనను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాను. మాయ కిందికి ఉందట, బిడ్డ వచ్చే దారికి అడ్డంగా. కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదు. బరువులు వద్దు, ప్రయాణాలు వద్దు, పత్తికొండ మాట అసలే ఎత్తొద్దు. పత్తికొండ పశువుల ఆసుపత్రికి తానే ఫోన్ చేసి సెలవు చెప్పింది. చెప్తున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది. పెట్టేశాక గోడవైపు తిరిగింది. గొర్రెల దొడ్లలో, గేదెల కాళ్ల మధ్య రోజంతా తిరిగే పశువుల డాక్టరు, ఇప్పుడు కర్నూలులో ఈ ముందుగదిలో ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకోవాలి.

ఆత్మకూరు నుంచి దీవెన తల్లి, మా అత్త జీవమ్మ వచ్చింది. వంటిల్లు ఆమెది.

స్వర్ణలత డాక్టరమ్మ నన్ను ఒక్కణ్ణే మళ్లీ లోపలికి పిలిచింది. అది రేపు రాస్తాను.

మార్చి 1

రాయాల్సిందేమీ లేదు.

మార్చి 2, ఆదివారం

సరే, రాస్తాను.

రెండేళ్ల కిందట నాలుగో నెలలో కడుపు పోయింది కదా. అప్పుడు లోపల శుభ్రం చేశారు. ఈసారి మాయ ఆ చోటే గట్టిగా అతుక్కుని ఉండొచ్చని డాక్టరమ్మ అనుమానం. అలా ఉంటే కాన్పప్పుడు ఊడిరాదు, రక్తం ఆగదు. గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. "అంతకు మించి కూడా కావచ్చు" అని పెన్నుకు మూత పెట్టింది. దీవెన రక్తం బి నెగటివ్. ఇచ్చేవాళ్లను ముందే చూసి పెట్టుకోమంది.

దీవెనకు ఇదంతా చెప్పాలా అని అడిగాను. భయపడితే మంచిది కాదు, అలాగని దాచడమూ మంచిది కాదు అంది. మొదటి సగం నాకు బాగా అర్థమైంది.

మార్చి 5, బుధవారం

అటక మీది పెట్టె దించాను. పెళ్లికి ముందు బెంగళూరులో కొన్న యుద్ధం ఆట. ఆడే తోడు లేక మూత తీసింది రెండు మూడుసార్లే. పటం నిండా తేనెపట్టు లాంటి ఆరుమూలల గళ్లు. గళ్లలో పొలాలు, కంచెలు, ఇళ్లు, ఒక వాగు. చిన్న అట్టబిళ్లలు బోలెడు. ఒక్కో బిళ్ల ఒక దళం, లేదా ఒక మెషిన్ గన్, లేదా ఒక నాయకుడు. దానితోపాటు సినారియోల పుస్తకం. ఒక్కో పేజీలో ఒక్కో పోరు ఉంటుంది. ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని వంతులు ఆడాలి, ఏం సాధిస్తే గెలిచినట్టు, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఒకటి ఏరుకోవాలి, ఆడాలి.

నేను చెప్పేది సివిల్ డ్రాయింగు కాబట్టి పాలిటెక్నిక్‌లో ఒక పాత డ్రాయింగు బల్ల అడిగి తెచ్చాను. రెండు స్టూళ్ల మీద పరిస్తే సరిగ్గా మంచం ఎత్తుకు వచ్చింది.

దీవెన తల ఎత్తకుండానే అడిగింది. "పిల్లోల్ల మాదిరి ఆట చూపించి నన్ను మరిపిస్తాండావా బావా?"

కాదన్నాను. సినారియోల పుస్తకం నా చేతిలోనే ఉంచుకున్నాను.

మార్చి 6

మొదటి ఆట వంతెన సినారియో. తను వంతెనను కాపాడాలి, నేను లాక్కోవాలి. బిళ్లలు వేళ్లకు అందక చిరాకుపడి, తన మందుల సంచిలోంచి పట్టకారు తెప్పించుకుంది. కుట్ల దారం పట్టుకునే పట్టకారు. దానితో బిళ్లను ఎత్తి గడిలో పెట్టే తీరు చూస్తే నాకే భయమేసింది. అంత నెమ్మదిగా, అంత కచ్చితంగా పెడుతోంది.

కూలరు వేస్తే సైన్యమంతా ఎగిరిపోతుంది. ఆపి ఆడాం. ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

వంతెన తనకే మిగిలింది. నాకు పాచికలు కలిసి రాలేదు.

మార్చి 9, ఆదివారం

ఇంకో రెండు ఆడాం. రెండూ తనే గెలిచింది. పాచికలు కలిసి రావడం లేదు.

అత్తకు పాచికలంటే గిట్టడం లేదు. చర్చి నుంచి వచ్చి మంచం పక్కన నిలబడి, సిలువ కింద సైనికులు ఏసయ్య అంగీకి చీట్లేసుకున్న పనే ఇదీ అంది. దుడ్లు పెట్టి ఆడితేనే జూదమని దీవెన అంది. అత్త కాసేపు పటం వంక చూసి, ఇందులో మనోళ్లు ఎవరని అడిగింది. బూడిదరంగు వాళ్లని దీవెన చూపించింది. అత్త అక్కడే కూర్చుంది.

మార్చి 12

చిన్నవే ఏరుతున్నాను. పెద్దవైతే అలసిపోతుంది. అందుకే.

మార్చి 15, శనివారం

పత్తికొండలో దీవెన దగ్గర పనిచేసే పుల్లన్నకు ఫోన్ చేశాను. బి నెగటివ్ వాళ్లు ఎవరైనా తెలుసా అని అడిగాను. మేడమ్‌కు చెప్పొద్దన్నాను. ఎందుకు సార్ అన్నాడు. ఊరికే అన్నాను.

సాయంత్రం రోడ్డు కూడలి సినారియో. ఆమె గెలిచింది. ముఖంలో ఆ పాత వెలుగు వస్తోంది. నేను మంచి పనే చేస్తున్నాను.

మార్చి 19

గెలిచాక దీవెన ఇవాళ నవ్వలేదు. బిళ్లలు సర్దుతూ, "నువ్వు శానా ఓపికున్న మనిషివి బావా" అంది. అది మెచ్చుకోలే అయుండాలి.

మార్చి 22, శనివారం

రక్తం.

మార్చి 25

ఆగింది. ఆసుపత్రిలోనే ఉన్నాం. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. గుండె చప్పుడు వినిపించారు. గుర్రం దౌడు తీస్తున్నట్టుంది. దీవెన కళ్లు మూసుకుని, బాగుందని తలాడించింది, తానే పరీక్ష చేస్తున్నట్టు.

మార్చి 27

ఇంటికి వచ్చాం. ఇల్లు ఇంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు. కూలరు వేసి ముగ్గురం దాని ముందర కూర్చున్నాం. ఆట మాట ఎవరూ ఎత్తలేదు.

మార్చి 30, ఆదివారం

అత్త చర్చికి వెళ్లింది. పొద్దున ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఈరోజు వివరంగా రాయాలి.

పొద్దున్నే బల్ల వేయమంది. వేశాను. సినారియో ఏరడానికి పుస్తకం చూస్తే నేను పెట్టిన చోట లేదు. ఆమె దిండు కింద ఉంది. శుక్రవారం నేను కాలేజీకి పోయినప్పుడు అత్తతో తీయించుకుని మొత్తం చదివిందట. ప్రతి సినారియోకు పైన చిన్న త్రాసు బొమ్మ ఉంటుంది. అది ఎటు వాలితే ఆ పక్షానికి ఆట సులువు. నేను ఏరినవన్నీ కాపాడేవాళ్ల వైపు వాలినవే. కాపాడే పక్షం ప్రతిసారీ ఆమెకే ఇచ్చాను.

పుస్తకం నా ముందర తెరిచి పెట్టి వేలితో ఆ త్రాసును చూపించింది.

కొత్త కదా, నేర్చుకోవాలని అలా చేశానన్నాను.

"పాచికలు?" అంది.

పాచికలకేమైందన్నాను.

"బావా, నేను పక్కకు తిరిగి పడుకోనుండా. నా కంటికీ బల్లకూ ఒకటే ఎత్తు. నీకు ఐదు పడితే మూడని చెప్పి తీసేస్తాండావు. మొదటి రోజు నుంచీ చూస్తాండా."

మరి మొదటి రోజే ఎందుకు అడగలేదని నెమ్మదిగా అన్నాను. నువ్వే ఎప్పుడో ఒకరోజు చెప్తావని చూశానంది. తర్వాత పుల్లన్న ఫోన్ చేశాడట. మేడమ్, సారు మీకోసం రక్తం అడుగుతున్నాడు, మీకు చెప్పొద్దన్నాడు, ఏమైంది మేడమ్ అని ఏడుపు గొంతుతో అడిగాడట. పుల్లన్నను ఓదార్చే పని కూడా ఆమెకే పడింది.

నాకు కోపం వచ్చింది, పుల్లన్న మీద. అది ఒక నిమిషం కూడా నిలవలేదు.

దీవెన గొంతు పెంచలేదు. ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటున్నాను.

"ఆవు ఈనలేక అల్లాడతాంటే నేను ఆ రైతుకు అబద్ధం చెప్పను. దూడ దక్కేది కష్టమంటే కష్టమనే చెప్తా. అట్ల చెప్తేనే వాడు తాడు గట్టిగా పట్టుకుంటాడు. ఏం కాదులేప్పా అని చెప్పినానంటే, సగంలో భయపడి వదిలేస్తాడు. నువ్వు నన్ను తాడు పట్టుకోనీకుండా చేస్తాండావు."

అప్పుడు చెప్పాను, డాక్టరమ్మ చెప్పింది మొత్తం. అతుక్కుని ఉండొచ్చన్నది, సంచి తీయాల్సి రావచ్చన్నది, అంతకు మించి అన్నది. పెన్నుకు మూత పెట్టడం కూడా చెప్పాను, అది ఎందుకో నాకే తెలియదు. చెప్తూ చెప్తూ నేనే ఏడ్చాను. ఆమె చెయ్యి చాపి నా తల మీద వేసింది. మంచం ఎత్తుకు వంగి కూర్చోవాల్సి వచ్చింది.

మాయ అతుక్కుందేమోనని తనకు మొదటి స్కానింగు రోజే అనుమానం వచ్చిందట. బర్రెల్లో ఎన్ని చూడలేదు. "నీకు చెప్తే నువ్వు తట్టుకోలేవని నేను ఊరుకున్యా" అంది.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఒకరికి తెలియకుండా ఒకరం నెల రోజులు అదే మోశాం.

తర్వాత పని మొదలుపెట్టించింది. రక్తం ఇచ్చేవాళ్ల నెంబర్లు, 108, ఆసుపత్రి, అన్నీ తన ఫోనులోనూ అత్త ఫోనులోనూ పెట్టించింది. దాతలతో ఇకమీదట తానే మాట్లాడతానంది. పుల్లన్న వెతికిపెట్టిన వాళ్లలో ఒకాయన దేవేంద్రప్ప, పత్తికొండ టమాట మార్కెట్టులో మండీ నడుపుతాడు. ఆయన పేరు వినగానే, ఆయన గేదెకు ఆపరేషన్ చేస్తూ ఒకసారి బాగా తిట్టానే, వస్తాడో రాడో అంది. ఫోన్ చేసింది. వస్తానన్నాడు.

అన్నీ అయ్యాక పుస్తకం తిరగేసి, ఈసారి తానే ఏరుతానంది. పాలడెయిరీ మీద దాడి. త్రాసు నావైపు బాగా వాలి ఉంది. దాడి చేసేది ఆమె, అదీ బయలు పొలం మీదుగా. డెయిరీ ఆవులను ముందే తోలుకుపోయినారా లేదా అని పుస్తకంలో వెతికింది. దాని గురించి ఏమీ రాయలేదని నొచ్చుకుంది.

నేను నిజంగా ఆడాను. పడ్డ పాచికను పడ్డట్టే చెప్పాను. ఆమె సైన్యం కంచె దాటలేదు.

చర్చి నుంచి వచ్చిన అత్త పటం చూసి, మనోళ్లంతా ఏమైపోయారని అడిగింది. ఓడిపోయామని దీవెన చెప్పింది. కడుపుతో ఉన్న పిల్లను గెలవనీయవేం నాయనా అని అత్త నా మీద లేచింది. దీవెన పొట్ట పట్టుకుని, నవ్వించొద్దమ్మా అంది. చాలా రోజుల తర్వాత కంది పచ్చడితో కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 3

బాగా నిద్ర పట్టింది. ఏమీ దాచనవసరం లేకపోతే నిద్ర ఇలా పడుతుందన్నమాట.

ఏప్రిల్ 5, శనివారం

పాలడెయిరీ మళ్లీ. ఈసారి పొగ గుండ్లు వేసి, ఆ పొగ చాటున కంచె దాటింది. చివరి వంతులో కొట్టం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ నేనే గెలిచాను. వట్టి ఒక గడి తేడా. రేపు ఇదే మళ్లీ అంది. సులువైనది ఒకటి ఏరమని బతిమాలాను. వినలేదు.

ఏప్రిల్ 8

ఇన్విజిలేషన్. ఇంటికి వచ్చేసరికి అత్తకు నియమాలు నేర్పిస్తోంది. కొండ మీద ఉన్నవాళ్లకు కింద ఉన్నవాళ్లు ఎందుకు కనబడతారో అత్తకు చెప్పాల్సిన పని లేకపోయింది. నల్లమల అంచున గొర్రెలు కాచిన మనిషి.

ఏప్రిల్ 12, శనివారం

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం నేను పరీక్ష హాలులో ఉన్నాను. ఫోన్ బయట ఆఫీసులో. పరీక్ష అయి చూసేసరికి అత్త నుంచి వరసగా కాల్స్. ఆఖరిది దీవెన పంపిన మెసేజు: రక్తం పోతోంది, ఆసుపత్రికి పోతున్నాం, దేవేంద్రప్ప బయలుదేరినాడు, నేరుగా అక్కడికి రా.

నేను లేకుండానే అన్నీ జరిగిపోయాయి. అత్త చేతులు ఆడక నిలబడిపోతే దీవెనే మంచంలోంచి 108కి చేసింది, ఆసుపత్రికి చేసి తన రక్తం గ్రూపు, నెలలు, ఎంత పోయిందో చెప్పింది, దేవేంద్రప్పకు చేసింది. ఆ నెంబర్లు నా ఒక్కడి ఫోనులోనే ఉండి ఉంటే? నా ఫోన్ ఆఫీసు సొరుగులో ఉంది. ఇది మళ్లీ మళ్లీ తలుచుకోకూడదనుకుంటూనే మళ్లీ మళ్లీ తలుచుకుంటున్నాను.

నేను చేరేసరికి లోపలికి తీసుకుపోతున్నారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. నన్ను చూసి, "బావా, పట్టుకో" అంది. చెయ్యి పట్టుకున్నాను. దేని గురించి అందో నాకు తెలుసు. తలుపు దాకా పట్టుకునే ఉన్నాను.

దేవేంద్రప్ప తెల్ల చొక్కా మీద టమాట మరకలతో వచ్చాడు. మండీలో వేలం సగంలో వదిలేసి వచ్చాడట. బ్యాంకులో ఉన్న రక్తం లోపలికి పంపి, బదులుగా ఆయన దగ్గర తీసుకున్నారు. పక్కన కూర్చుంటే ఆయనే మాట్లాడాడు. "మా ఎనుముకు కడుపు కోసి దూడను తీసేటప్పుడు నాకు కళ్లు తిరిగినాయప్పా. పక్కన నిలబడేకి కూడా చేతకాదా అని మేడమ్ తిట్టింది. ఇయ్యాల సూది గుచ్చినా కళ్లు తిరగలేదని ఆమెకు చెప్పు."

చెప్తానన్నాను.

అత్త బెంచీ మీద కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

మొదట ఒక నర్సు వచ్చి, ఆడబిడ్డ, చిన్నగా ఉంది, ఏడ్చింది అని చెప్పి వెళ్లిపోయింది. ఏడ్చిందన్న మాట అత్త రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. నేను ఇంకా తలుపు వైపే చూస్తున్నాను. తర్వాత స్వర్ణలత డాక్టరమ్మ బయటికి వచ్చింది. టోపీ కింద చెమట. నవ్వుతోందా అలసిపోయిందా తెలియలేదు.

"అతుక్కోలేదు. మాయ దానంతటదే వచ్చేసింది. సంచి తీయలేదు. రక్తం ఆగింది."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. దేవేంద్రప్ప నా చంకల కింద చేతులేసి లేపాడు. రక్తం ఇచ్చింది ఆయన, పడిపోయింది నేను.

సాయంత్రం మత్తు వదిలాక నన్ను లోపలికి పోనిచ్చారు. దీవెన కళ్లు తెరిచే ఉంది. అప్పటికే నర్సులంతా గుమిగూడి నవ్వుతున్నారు. మెలకువ రాగానే ఆమె అడిగిన మొదటి మాట బిడ్డ గురించి కాదట.

"మాయ అంతా వచ్చిందా? ముక్క ఏదీ లోపల ఉండిపోలేదు గదా? సరిగ్గా చూసినారా?"

ఏప్రిల్ 13

బిడ్డను అద్దాలపెట్టెలో చూశాను. ముక్కుకు సన్నని గొట్టం. పక్కటెముకలు పిట్టకున్నట్టు. చూసి రమ్మని దీవెన పంపింది, వచ్చి చెప్తే ఇంకా ఇంకా అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, గొట్టంతో సహా.

ఏప్రిల్ 15

గొట్టం తీసేశారు. తనంతట తాను పీల్చుకుంటోంది.

ఏప్రిల్ 16

పీల్చుకుంటోంది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టరు. అత్త తెల్లవారకముందే చర్చికి పోయి, అక్కడివాళ్లందరికీ చెప్పి వచ్చింది. దీవెన చక్రాల కుర్చీలో వెళ్లి బిడ్డకు మొదటిసారి పాలిచ్చింది. బిడ్డ నోరు తెరిచి వెతుక్కోవడం చూసి, గొర్రెపిల్ల కన్నా తెలివిగలదే అంది. అంతకన్నా పెద్ద పొగడ్త దీవెన నోట నేను వినలేదు.

ఏప్రిల్ 23

ఇంటికి వచ్చాం. నలుగురం.

ఏప్రిల్ 27, ఆదివారం

ఎండ మండిపోతోంది. బిడ్డ ఏడవడం, తాగడం, తడపడం, మళ్లీ ఏడవడం. ఇంటి నిండా గుడ్డలు. పేరు ఇంకా పెట్టలేదు. అత్త బైబిలులోంచి రోజుకొకటి చెప్తోంది, దీవెన రోజుకొకటి కొట్టేస్తోంది.

మధ్యాహ్నం బిడ్డ పడుకున్నాక దీవెన పుస్తకం తీసింది. ఇప్పుడు దిండ్లకు ఆనుకుని కూర్చోగలుగుతోంది. త్రాసు రెండువైపులా సమంగా ఉన్న సినారియో ఏరింది. పిండిమిల్లు ఉన్న ఊరు. ఎవరు ఏ పక్షమో కూడా పాచిక వేసి తేల్చాం. కాపాడేది నేను.

నేను గట్టిగా ఆడాను. ఏదీ వదల్లేదు. సగం ఆట నాదే అనుకున్నాను. ఆమె వాగు పక్కనుంచి ఇద్దరు ముగ్గురిని అటూ ఇటూ కదుపుతుంటే, అదే పెద్ద దాడి అనుకుని నా సైన్యమంతా అటు తిప్పాను. అసలు దళం చెట్ల వెనక ఊరికే కూర్చుని ఉంది. రెండు వంతుల్లో మిల్లు పోయింది. తర్వాత ఊరు పోయింది. పట్టకారుతో నా నాయకుడి బిళ్లను ఎత్తి, మెల్లగా పెట్టెలో వేసింది.

నాకు ఒళ్లు మండింది. నిజంగా. ఇంకొక్క ఆట అన్నాను. బిడ్డ లేచిందని నవ్వుతూ పుస్తకం మూసేసింది. అత్త నా వంక చూసి, ఇంత చిన్నదానికి ముఖం అట్ల పెట్టుకుంటారా నాయనా అంది.

పెరట్లో బిడ్డ గుడ్డలు ఉతికి ఆరేస్తూ కూడా అదే ఆలోచన. వాగు వైపు చూడకుండా ఉండాల్సింది. ఆ మెషిన్ గన్ను మొదట్లోనే మిల్లు పైఅంతస్తులో పెట్టి ఉండాల్సింది. అక్కడి నుంచి చెట్లు, వాగు, దారి అన్నీ కనబడతాయి కదా. ఎందుకు పెట్టలేదు?